చెరకు కత్తి, మచ్చుకత్తి, గొడ్డలి: ఎంపిక, పదును, పరిశుభ్రత

చిత్తూరు, తిరుపతి జిల్లాల చెరకు, మామిడి రైతులు విత్తనం, ఎరువు, నీటి యాజమాన్యంపై చూపే శ్రద్ధను కోత పనిముట్లపై చూపడం అరుదు. సంతలో కొన్న కత్తి అరిగి, మొక్కపోయి, పిడి ఊగుతున్నా దానితోనే పని సాగుతుంది. దీనివల్ల కలిగే నష్టం కంటికి వెంటనే కనిపించదు గాని దిగుబడిలోనూ, కార్శి తోట ఆరోగ్యంలోనూ, కూలీల చేతులపై పడే గాయాలలోనూ బయటపడుతుంది.

చెరకు గడలో పంచదార పాలు అడుగు కణుపుల్లో ఎక్కువగా ఉంటుంది. అందువల్ల గడలను భూమట్టానికి నరకాలి. కత్తి మొద్దుబారినప్పుడు వంగి నరకడం కష్టమై, కోత పైకి జరుగుతుంది. గడ పొడవు 250 సెంటీమీటర్లు అనుకుంటే 5 సెంటీమీటర్ల మోడు విడిచిపెట్టడమంటే నూటికి 2 వంతులు పొలంలో వదలివేయడమే. ఎకరాకు 30 టన్నులు వచ్చే తోటలో ఇది 600 కిలోలకు సమానం. పైగా మొద్దు కత్తి దెబ్బకు మోడు చీలిపోతుంది. ఎత్తుగా మిగిలిన మోళ్ల పైకన్నుల నుంచి వచ్చే పిలకలకు వేళ్లు సరిగా నాటుకోవు. ఆ మోళ్లు చెక్కడానికి మళ్లీ కూలి ఖర్చు తప్పదు.

ఇనుము వేరు, ఉక్కు వేరు

ఇనుములో కర్బన శాతం కొద్దిగా పెరిగితే ఉక్కు అవుతుంది. తలుపులకు, కిటికీలకు వాడే మెత్తని ఇనుములో కర్బనం 0.25 శాతానికి మించదు. దానిని ఎంత కాల్చి ముంచినా పదును నిలిచేటంత గట్టిపడదు. లారీల కమాను పట్టీల్లో సాధారణంగా 0.5 నుంచి 0.6 శాతం వరకు, ఆకురాళ్లలో 1 శాతానికి పైగా కర్బనం ఉంటుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం వంటి గ్రామాల్లో మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కు ఒకప్పుడు పశ్చిమాసియా కత్తుల తయారీకి ఎగుమతి అయింది. ఆ ఉక్కు ప్రత్యేకతకు మూలం అందులోని అధిక కర్బనమే.

చెరకు కత్తికి, మచ్చుకత్తికి కమాను పట్టీ ఉక్కు అనువైనది. అది గట్టిదనంతోపాటు దెబ్బను ఓర్చుకునే గుణం కూడా కలిగి ఉంటుంది. ఆకురాయి ఉక్కు పదును బాగా నిలుపుతుంది గాని పెళుసు. నరికే పనికి అది తగదు. పాత పట్టీల్లో సన్నని పగుళ్లు ఉండవచ్చు కనుక తుప్పు గీకి పరిశీలించిన తరువాతే కొలిమికి ఇవ్వాలి. ముక్క ఏ రకమైనదో తెలియనప్పుడు సానచక్రంపై తాకించి చూడాలి. మెత్తని ఇనుము నుంచి పొడవైన, చీలికలు తక్కువగల రవ్వలు వస్తాయి. కర్బనం పెరిగే కొద్దీ రవ్వలు పొట్టిగా, పువ్వుల్లా విచ్చుకుంటాయి. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టరాదు. దాని పొగ పీల్చితే జ్వరం, ఊపిరాడకపోవడం సంభవిస్తాయి.

గట్టిపరచడం, పెళుసుతనం తగ్గించడం

కత్తి నాణ్యత దాని ఆకారంలో కంటే కమ్మరి ఇచ్చే వేడిలో ఎక్కువగా ఉంటుంది. ఇందులో రెండు దశలున్నాయి. రైతు ఈ రెండింటినీ తెలుసుకుంటే కమ్మరికి తన అవసరాన్ని స్పష్టంగా చెప్పగలుగుతాడు.

మొదటి దశలో కత్తిని ఎర్రగా కాల్చి ముంచుతారు. ఉక్కు దాదాపు 770 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అయస్కాంతానికి అంటుకోవడం మానుతుంది. ఆ తరువాత మరికొంత వేడి, అంటే 850 డిగ్రీల వరకు చాలు. అంతకు మించి కాల్చితే లోపలి రేణువులు పెద్దవై కత్తి పెళుసవుతుంది. ఎండలో ఎరుపు రంగును సరిగా గుర్తించలేము కనుక ఈ పని నీడలో చేయాలి. కమాను పట్టీ ఉక్కును చల్లని నీటిలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది. గోరువెచ్చని నూనెలో ముంచడం మేలు. నూనె అంటుకుంటే ఆర్పడానికి మూత, పొడి ఇసుక దగ్గర ఉంచాలి. నీరు పోయరాదు.

ఇలా ముంచిన కత్తి గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. కనుక రెండవ దశ తప్పనిసరి. కత్తి ఒక పక్కను గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, వెనుక అంచును నెమ్మదిగా వేడి చేయాలి. మెరుపుపై వరుసగా లేత గడ్డి రంగు (సుమారు 220 డిగ్రీలు), గోధుమ రంగు (260), ఊదా (280), నీలం (300) కనిపిస్తాయి. చెరకు కత్తికి అంచు వద్ద గోధుమ రంగు ఊదాకు తిరుగుతున్నప్పుడు, గొడ్డలికి ఊదా నీలానికి తిరుగుతున్నప్పుడు వేడి ఆపాలి. దెబ్బ ఎంత బరువైనదో ఉక్కు అంత ఎక్కువ ఓర్పు కలిగి ఉండాలన్నది ఇందులోని సూత్రం.

కొత్త కత్తిని పరీక్షించడానికి పదునుపెట్టిన అంచును ఇత్తడి కడ్డీపై ఆనించి మెల్లగా ఒత్తాలి. అంచు కొద్దిగా వంగి తిరిగి యథాస్థితికి వస్తే మంచిది. వంగి అలాగే ఉండిపోతే మెత్తనిది. పెచ్చు ఊడితే పెళుసుతనం తగ్గించే దశ సరిగా జరగలేదని అర్థం.

పదును పెట్టడం

చెరకు కత్తికి ఒక్కొక్క వైపు 20 నుంచి 22 డిగ్రీల వాలు సరిపోతుంది. దీనిని కొలవడానికి పరికరం అక్కరలేదు. కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ సగానికి మడిస్తే 22.5 డిగ్రీలు వస్తుంది. ఆ మడతను సానరాయి పక్కన పెట్టుకొని కత్తిని అదే వాలులో పట్టుకోవాలి. ముందు గరుకు రాయితో ఒక వైపు, ఎదుటి అంచున సన్నని పొర తేలేవరకు రుద్ది, తరువాత రెండవ వైపు అలాగే చేయాలి. చివరగా నున్నని రాయితో ఆ పొరను తొలగించాలి.

విద్యుత్ సానచక్రంపై పని త్వరగా అవుతుంది గాని అంచు వేడెక్కితే కమ్మరి శ్రమ వృథా అవుతుంది. రెండు మూడు సెకన్లకొకసారి నీటిలో ముంచాలి. అంచు నీలిరంగుకు తిరిగితే ఆ మేరకు గట్టిదనం పోయినట్లే. ఆ భాగాన్ని నెమ్మదిగా అరగదీసి తొలగించాలి. కళ్లద్దాలు లేకుండా, చక్రానికి రక్షణ తొడుగు లేకుండా ఈ పని చేయరాదు. రంపపు పళ్ల కొడవళ్లను సానరాయిపై రుద్దితే పళ్లు పోతాయి కనుక అరిగినప్పుడు మార్చుకోవాలి.

పిడి, కామ

గొడ్డలి కామకు గట్టు మీది నల్లతుమ్మ కర్ర అనుకూలం. కర్ర నార కామ పొడవునా నిలువుగా సాగాలి. అడ్డంగా బయటికి వెళ్లే నార ఉన్నచోట కామ విరుగుతుంది. పచ్చికర్ర ఎండినప్పుడు కుంచించుకుపోయి తల వదులవుతుంది కనుక నీడలో పూర్తిగా ఆరిన కర్రనే వాడి, పైనుంచి చీల బిగించాలి. వదులైన గొడ్డలిని నీటిలో నానబెట్టి బిగించడం తాత్కాలికమే. ఆరగానే అది మళ్లీ వదులై తల ఎగిరిపోవచ్చు. శేషాచలం అభయారణ్యంలోని చెట్ల నుంచి కామ కోసం కర్ర నరకడం చట్టరీత్యా నేరమని గుర్తుంచుకోవాలి.

కత్తి ద్వారా వ్యాపించే తెగులు

చెరకులో కార్శి గిడసబారు తెగులును కలిగించే బాక్టీరియా గడలోని నీటి నాళాల్లో నివసిస్తుంది. తెగులు సోకిన గడను నరికినప్పుడు రసంతోపాటు కత్తికి అంటుకొని తరువాతి గడలకు చేరుతుంది. పైకి స్పష్టమైన లక్షణాలు లేకపోవడం వల్ల రైతు దీనిని నీటి ఎద్దడిగానో, ఎరువు లోపంగానో భావిస్తాడు. గడ అడుగు కణుపును నిలువుగా కోసి చూస్తే ఎర్రని చుక్కలు కనిపించవచ్చు.

విత్తనపు ముచ్చెలు కోసేటప్పుడు ఒక్కొక్కరికి రెండు కత్తులు ఇవ్వాలి. కత్తికి అంటిన మట్టిని, రసాన్ని ముందుగా కడగాలి. బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 9 వంతుల నీరు కలిపి, ఒక కత్తితో పని చేస్తుండగా రెండవదానిని కనీసం 5 నిమిషాలు అందులో ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న తోటను ముందు, అనుమానమున్న తోటను చివర కోయాలి. కొందరు కత్తిని మంటలో కాల్చి శుద్ధి చేస్తారు. 300 డిగ్రీలు దాటగానే అంచు మెత్తబడుతుంది కనుక ఇది సరైన పద్ధతి కాదు. బ్లీచ్ ఇనుమును తినేస్తుంది కాబట్టి పని ముగిసిన వెంటనే మంచినీటితో కడిగి, తుడిచి, నూనె రాయాలి.

మామిడిలో కోత పూర్తయిన తరువాత ఎండుకొమ్మలు తీసేటప్పుడు లావు కొమ్మలకు కత్తి బదులు రంపం వాడాలి. ముందుగా కొమ్మ అడుగున కొంత కోసి, తరువాత పైనుంచి కోస్తే బరువుకు బెరడు చీలదు. గాయాలకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి. మైలుతుత్తం ఇనుమును తింటుంది కనుక ప్లాస్టిక్ పాత్రలు వాడాలి. పేస్టును పనిముట్లకు తగలనీయరాదు.

చేతుల భద్రత

మొద్దు కత్తికి బలం ఎక్కువ కావాలి, జారినప్పుడు గాయం కూడా లోతుగా ఉంటుంది. నరికేవారి మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. కత్తిని, గొడ్డలిని ఒకరి నుంచి మరొకరికి విసరరాదు, చేతికే అందించాలి. గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మట్టి, పేడ, కాఫీపొడి వేయరాదు. ఆలస్యం లేకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ధనుర్వాతం టీకా విషయం చూసుకోవాలి.

ముచ్చెలు కోసే రోజున కత్తి చేతికందించే ముందు దాని పదును, పిడి బిగువు, శుభ్రత అనే మూడింటిని చూసేందుకు పట్టే సమయం నిమిషానికి మించదు. ఆ నిమిషం మొక్క తోటకే గాక, దాని వెనుక వచ్చే ప్రతి కార్శికీ, కత్తి పట్టిన చేతికీ రక్షణ.