చింతగింజల్లో కర్ణం

"7 ఒక భుజంగా, మూడు భుజాలూ పూర్ణసంఖ్యలుగా ఉండే లంబకోణ త్రిభుజం ఉందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఉందమ్మా: 7, 24, 25. అయితే ఈ జవాబు కంటే అది దొరికే దారి ఇంకా బాగుంటుంది.

రెండు భుజాల వర్గాలు కలిపితే కర్ణం వర్గం వస్తుందని బడిలో చదువుకున్నాం. ఇప్పుడు గుప్పెడు చింతగింజలు తీసుకోండి. నాలుగేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చండి. దీన్ని ఐదు వరుసల చదరం చెయ్యాలంటే కుడిపక్క నాలుగు, కింద నాలుగు, మూలన ఒకటి, మొత్తం తొమ్మిది గింజల అంచు కట్టాలి. ఆ తొమ్మిదీ తీసి విడిగా పేర్చి చూడండి, మూడేసి గింజల మూడు వరుసలు! 3, 4, 5 పుట్టింది ఇక్కడే.

ఆ అంచులో గింజలు ఎప్పుడూ పాత భుజం, కొత్త భుజం కలిపినన్ని: 4+5. కాబట్టి బేసి సంఖ్య వర్గాన్ని పక్కపక్క సంఖ్యలుగా విడగొడితే చాలు. 25 అంటే 12, 13. 49 అంటే 24, 25. 81 అంటే 40, 41. బేసి సంఖ్యలకు అంతులేదు, ఈ త్రిభుజాలకూ లేదు. ఈ పద్ధతి పైథాగరస్‌దని గ్రీకు తత్వవేత్త ప్రోక్లస్ రాశాడు.

అంచు ఒక్క వరుసే ఉండాలని ఎవరన్నారు? 15 చదరాన్ని 17 చెయ్యాలంటే రెండు వరుసలు: 2×(15+17)=64, అంటే 8 వర్గం. 21 నుంచి 29కి ఎనిమిది వరుసలు: 8×50=400, అంటే 20 వర్గం. దాదాపు క్రీ.పూ. 1800 నాటి బాబిలోనియా మట్టిపలక ప్లింప్టన్ 322లో మొదటి వరుసలో భుజం 119, కర్ణం 169 ఉన్నాయి. మూడో భుజం 120. అంచు మందం 49, అంటే 7 వర్గం. 120, 169 కలిపితే 289, అంటే 17 వర్గం. 7×17 ఎంతో చూడండి, 119! ఎన్నిసార్లు చేసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పన్నెండు ముళ్ళ తాడును 3, 4, 5గా మడిచి ఈజిప్టువాళ్ళు లంబకోణం తీసేవారన్న కథ మాత్రం ఇంకా పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది. అది 19వ శతాబ్దంలో గణిత చరిత్రకారుడు మోరిట్జ్ కాంటర్ చేసిన ఊహ, ఆధారం లేదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే మన బౌధాయన శుల్బసూత్రంలో మాత్రం 5-12, 8-15, 7-24, 12-35 జంటలు స్పష్టంగా ఉన్నాయి. చెప్పాల్సింది దాని గురించి.

ఉపయోగమా? పునాది మూల సరిచూసే మేస్త్రీకి 3, 4, 5 చాలు.

మీరు 11 తీసుకోండి. దాని వర్గం 121. మిగతా రెండు భుజాలూ మీరే తియ్యండి. తర్వాత 28కి అంచు మందం 8 పెట్టి చూడండి.