కర్మాగారమునకు అందమేల?

కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్లకు సమీపమున చిలమకూరు అను గ్రామము కలదు. అచ్చటి సిమెంటు కర్మాగారమును చూచినవారు "ఎంత పెద్దది!" అందురే కాని, "ఎంత అందమైనది!" అనరు. కర్మాగారమునకు అందముతో పనియేమని మన తలంపు. కాని దానిని రాజసౌధమువలె కట్టినవారును కలరు.

స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున టెంపుల్టన్ అను తివాచీల సంస్థ యుండెను. పురజనులు విహరించు పచ్చికబయలున కెదురుగా అది నేతశాల కట్టదలచెను. అట్టి రమ్యస్థలమున మోటు కట్టడము తగదని నగరపాలకులు నమూనాలను త్రోసిపుచ్చిరి. అంతట విలియం లైపర్ అను వాస్తుశిల్పి, వెనీసు ప్రభువుల సౌధమును ఒరవడిగా గైకొని, వన్నెవన్నెల ఇటుకలతోను కోసుతేలిన కమానులతోను దాని ముఖభాగమును రూపొందించెను.

1889 నవంబరు 1వ తేదీన, సగము కట్టిన ఆ గోడ పెనుగాలికి కూలి, ప్రక్కనున్న నేతశాలపై పడెను. లోపల పనిచేయుచుండిన 29 మంది స్త్రీలు, బాలికలు మరణించిరి. గోడను మరల కట్టి 1892లో ముగించిరి. కావున ఆ సొగసు యజమాని ఐశ్వర్యమునకే గాక, శ్రామికుల బ్రతుకులకును గురుతు.

1970ల చివర అచ్చట తివాచీల నేత నిలిచిపోయెను. ఐనను భవనమును పడగొట్టలేదు. కార్యాలయములకును, పిమ్మట నివాసములకును అనువుగా మార్చిరి. హైదరాబాదులోని సైఫాబాదు టంకశాలయు అట్టిదే. 1903 నుండి నాణెములు ముద్రించిన ఆ శాల పని 1997లో చర్లపల్లికి తరలెను. పాత భవనమును 2022లో ప్రదర్శనశాలగా తెరచిరి. ఓరుగల్లులో 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లునకు మాత్రము ఆ భాగ్యము కలుగలేదు. ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టిన ఆ మిల్లు 2002లో మూతపడెను. తరువాత దాని కట్టడములను కూలద్రోసిరి. పేరు మాత్రము జనుల నోట నిలిచినది.

ఈ భేదమునకు కారణమేమి? పాత కట్టడమునకు శత్రువు వయస్సు కాదు, పనిలేమి. పైకప్పున ఒక్క పెంకు తొలగిన వాన దిగును. వానకు దూలము కుళ్ళును. దూలము వంగిన గోడ నిలువదు. మనుష్యులు మసలు చోట ఆ మొదటి పెంకునే సరిచేయుదురు. కనుక పాత గోడలకు క్రొత్త పని కల్పించుటయే వానిని కాపాడు ఉపాయము.

బాలలారా! మీ ఊర మూతపడిన పత్తిమిల్లో నూనెమిల్లో యున్నచో, ఒకసారి పోయి చూడుడు. ద్వారముపై చెక్కిన సంవత్సరమును చదువుడు. అందు పనిచేసిన వృద్ధులను నాటి ముచ్చట లడుగుడు. గోడ కూలిన పిమ్మట ఆ మాటలకు సాక్ష్యము దొరకదు.