పాఠ్యేతర కార్యక్రమాల వ్యయసంకోచం – ఉన్నతవిద్యా ప్రవేశాలు: సుల్తానాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

బడిలో ఆటలకు, చిత్రలేఖనానికి, సంగీతానికి, వక్తృత్వానికి నిధులు తగ్గితే విద్యార్థి కళాశాల ప్రవేశం దెబ్బతింటుందన్న చర్చ ప్రధానంగా అమెరికాది. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు స్వీకరించే కామన్ అప్లికేషన్‌లో ఇటువంటి కార్యకలాపాలను పది వరకు నమోదు చేయవచ్చు. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌లో ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థికి అటువంటి దరఖాస్తు సాధారణంగా ఎదురుకాదు. అందువల్ల ఇక్కడ నష్టమేమీ లేదని భావించడం సరికాదు. అది కనిపించే చోటు వేరు.

ప్రవేశ విధానం – ఇరుకు ద్వారాలు:

బాసర ఆర్జీయూకేటీలో ప్రవేశానికి పదవ తరగతి ఫలితమే ఆధారం. జీపీఏ విధానం ఉన్నప్పుడు గురుకులేతర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 0.4 పాయింట్లు కలిపేవారు. ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) ర్యాంకే ప్రమాణం. 2023 నుంచి ఇంటర్మీడియట్ మార్కుల వెయిటేజీ కూడా తొలగిపోయింది. ఈ లెక్కల్లో నాటకానికీ కబడ్డీకీ స్థానం లేదు. మిగిలినవి క్రీడల కోటా 0.5 శాతం, ఎన్.సి.సి. కోటా 1 శాతం. సుమారు 1,500 సీట్లున్న బాసరలో క్రీడల వాటా ఏడెనిమిది సీట్లు మాత్రమే. ఇంత స్వల్పమైన దానికోసం చర్చ ఎందుకన్న ప్రశ్న సహజమే. కానీ ఆ సీట్లకు ప్రాధాన్యక్రమం పాల్గొన్న పోటీల స్థాయిని బట్టి ఉంటుంది. మండల స్థాయి నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, జాతీయ స్థాయికి సాగే ఆ దారిలో మొదటి మెట్టు బడి. జట్టును తయారుచేసి పంపే వ్యాయామోపాధ్యాయుడు లేనిచోట ఆ మెట్టే ఉండదు. ఎన్.సి.సి. పరిస్థితీ అంతే, బాధ్యత వహించే ఉపాధ్యాయుడు లేకుండా బడిలో దళం నడవదు.

కరీంనగర్‌లో క్రీడా పాఠశాల ఉన్నది కదా అనవచ్చు. అక్కడ ఎంపిక నాలుగవ తరగతి ప్రవేశానికే జరుగుతుంది. ఎనిమిదితొమ్మిదేళ్ల వయసులో ఎవరి కంటా పడని పిల్లవాడు పన్నెండేళ్లకు బాగా పరుగెత్తగలిగినా, అతనికి మిగిలేది ఊరి బడి మైదానమే.

నిధుల స్వరూపం:

ఇక్కడ కోత ప్రత్యేక ఉత్తర్వు రూపంలో రానవసరం లేదు. ఖాళీ అయిన పోస్టు భర్తీ కాకపోవడం, గ్రాంటు ఆలస్యం కావడం కూడా కోతే. సమగ్ర శిక్ష కింద ఉన్నత పాఠశాలకు క్రీడాసామగ్రి గ్రాంటు ఏడాదికి గరిష్ఠంగా 25,000 రూపాయలు. ఐదువందల మంది చదివే బడిలో తలకు 50 రూపాయలు. ప్రాథమికోన్నత స్థాయిలో నూరుమందికి మించి పిల్లలుంటే కళావిద్య, వ్యాయామవిద్య, పనివిద్యలకు పార్ట్‌టైమ్ బోధకులుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతున్నది. అయితే చట్టం పోస్టును పేర్కొంటుంది కానీ జీతం చెల్లించేది బడ్జెట్టు.

పెరుగుతున్న దూరం:

ఈలోగా పై స్థాయిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. ఐఐటీ మద్రాసు 2024–25లో క్రీడాప్రతిభకు, మరుసటి ఏడాది లలితకళలకు, కోర్సుకు రెండేసి అదనపు సీట్లు కేటాయించింది. క్రీడాసీటుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హతతోపాటు గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పతకం ఉండాలి. ఆ నాలుగేళ్లు లెక్కిస్తే అవి బడి వయసులోకే వస్తాయి.

పదవ తరగతి మెమోలో మాత్రం కళా–సాంస్కృతిక విద్యకు, వ్యాయామ–ఆరోగ్య విద్యకు గ్రేడ్లు ముద్రితమవుతూ వచ్చాయి. జీపీఏ ఉన్న కాలంలో అవి అందులో చేరేవి కావు. చిత్రలేఖన ఉపాధ్యాయుడు లేని బడిలోనూ ఆ గడిని ఎవరో ఒకరు నింపవలసిందే.