ఉక్కునగరపు వోటు

విశాఖ ఉక్కు కర్మాగారపు వాకిటనున్న గాజువాకలో 2024వ సంవత్సరమున తెలుగుదేశము అభ్యర్థి శ్రీ పల్లా శ్రీనివాసరావుగారు 95,235 వోట్ల ఆధిక్యముతో శాసనసభకు ఎన్నికైరి. ఆ యెన్నికలలో రాష్ట్రమున మరెవ్వరికిని అంతటి ఆధిక్యము లభింపలేదు. అయిదేండ్లకు ముందు అదే స్థానమున అదే అభ్యర్థి మూడవవారుగా మిగిలియుండిరి! ఊరు అదియే, జనులు వారే. ఇది గాలివాటపు వోటని కొందరు పెద్దలు తేలికగా త్రోసివేయుచున్నారు. ఆ మాట మాకు సమ్మతము కాదు.

మొదట అంకెలను చూతము. 2019లో వై.యస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి శ్రీ తిప్పల నాగిరెడ్డిగారికి 75,292 వోట్లును, జనసేనాధిపతి శ్రీ పవన్ కల్యాణ్ గారికి 58,539 వోట్లును, పల్లావారికి 56,642 వోట్లును వచ్చెను. ఓడిన యిరువురి వోట్లను కలిపినచో లక్షా పదిహేనువేలకు పైబడును. 2024లో ఆ రెండు కక్షులును భారతీయ జనతాపక్షముతో కూడి యొక్క కూటమిగా నిలిచినవి. కావున ఆధిక్యములో పెద్ద భాగము పొత్తుల లెక్కయే. అయినను లెక్క అంతటితో తీరదు. 2009లో ఈ నియోజకవర్గము మొదటిసారి వోటు వేసినప్పుడు ప్రజారాజ్యమును గెలిపించెను. 2014లో తెలుగుదేశమును, 2019లో వై.యస్.ఆర్. కాంగ్రెసును, మరల తెలుగుదేశమును. నాలుగు పర్యాయములలో ఏ కక్షియు వరుసగా రెండుమారులు నిలువలేదు.

ఈ యలవాటు క్రొత్తది కాదు. 1966 అక్టోబరులో ఉక్కు కర్మాగారముకొరకు శ్రీ టి. అమృతరావుగారు విశాఖలో నిరశనవ్రతము పట్టిరి. నవంబరు 1వ తేదీన తుపాకులు ప్రేలెను. ఆ యుద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుకొందురు. మరుసటి యేడు విశాఖ వోటరులు ఢిల్లీకి పంపినది పాలకపక్షము వానిని కాదు, స్వతంత్రుడైన తెన్నేటి విశ్వనాథముగారిని. 1970 ఏప్రిలులో ఇందిరాగాంధీగారు కర్మాగారమును ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన గావించిరి. కొలది వారములకే జరిగిన యెన్నికలో అదే విశాఖ కాంగ్రెసు అభ్యర్థియైన పి.వి.జి. రాజుగారిని గెలిపించెను. కోపము వచ్చినప్పుడు ఒక వోటు, ఆశ కలిగినప్పుడు ఒక వోటు. దీనిని చపలత్వమనుటకంటె అర్జీ యనుట న్యాయము.

ఇక కార్మికుని సంగతి. అతని చేతిలో రెండు వోట్లున్నవి. కర్మాగారము లోపల గుర్తింపు సంఘమును ఎన్నుకొనునప్పుడు అతడు ఎఱ్ఱజెండా పట్టును. 2022లో అచ్చట ఏఐటీయూసీ గెలిచెను. బయటికి వచ్చి నగరపాలక సంఘమునకు వోటు వేయునప్పుడు ఆ జెండా ఏమగునో తెలియదు. 2021 మార్చిలో విశాఖ నగరపాలక సంఘపు 98 స్థానములలో ఉభయ కమ్యూనిస్టు పక్షములకు దక్కినవి చెరి యొకటి మాత్రమే. జీతము, బోనసు, పదోన్నతి అడుగుటకు ఎవరు తగుదురో అతనికి తెలియును; రోడ్డు, నీరు, పింఛను తెచ్చుటకు ఎవరు తగుదురో అదియు తెలియును. రెండింటికి ఒకే మనిషిని నమ్మవలయునన్న నియమము అతడు పెట్టుకొనలేదు. ఇందులో తప్పుపట్టుటకు ఏమియు లేదు గాని, చిక్కొకటి కలదు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గము కర్మాగారమునందలి తన వాటాను పూర్తిగా విక్రయింప సూత్రప్రాయముగ నిశ్చయించెను. ఆ సంకట ప్రశ్న సంఘపు వోటునకు అందదు, పురపాలక వోటునకు అందదు. ఫిబ్రవరిలో కూర్మన్నపాలెము కూడలియందు శిబిరము వెలసెను. పల్లావారు నిరాహారదీక్ష పూనిరి. అన్ని పక్షములవారును వచ్చి ఉపన్యసించిరి. అందరును రక్షకులే యైనచోట వోటరు దేనిని చూచి ఏరుకొనును? అందుచేతనే 2024లో అతడు ఢిల్లీలో ఎవరి మాట చెల్లునని తోచునో వారివైపు మొగ్గెనని మా యభిప్రాయము. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము మంజూరయ్యెను. ఇనుపగనులు మాత్రము కర్మాగారమునకు నేటికిని సొంతముగ లేవు.

భూవసతి గల మా పాఠకులు గమనింపవలసినవారు మరికొందరు కలరు. కర్మాగారముకొరకు 64 పల్లెలు, 20,000 ఎకరములకు పైగా భూమి పోయెను. ఇల్లు, పొలము విడిచినవారికి సుమారు 16,500 ఆర్-కార్డులు ఇచ్చిరి. వారిలో ఉద్యోగము దొరకినది సుమారు సగము మందికే. మిగిలినవారి మనుమలు నేడు వోటరులు. ప్రతి యెన్నికలో ఆ కార్డును పెట్టెనుండి తీసి అభ్యర్థికి చూపుటయు, అభ్యర్థి తల యూపుటయు ఒక తంతుగా సాగుచున్నది. కర్మాగారము విక్రయమైనచో ఆ కార్డు విలువ ఏమని వీరడిగిన ప్రశ్నకు ఏ వేదికపైనను సూటియైన జవాబు మేము వినలేదు.

వీరిలో పలువురు కర్మాగారమునందే కాంట్రాక్టు పనివారుగా చేరిరి. 2025 మేలో, తమవారిని తొలగించుచున్నారని కాంట్రాక్టు కార్మికులు సమ్మె కట్టిరి. గుర్తింపు సంఘమును ఎన్నుకొను వోటు పర్మనెంటు ఉద్యోగికే కలదు, కాంట్రాక్టు కార్మికునికి లేదు. తాతయిచ్చిన భూమిలో లేచిన కొలిమియొద్ద పనిచేయు అతనికి మిగిలినది అయిదేండ్లకొకమారు వచ్చు ఆ వోట్లు మాత్రమే.