హిమభూమిలో విడిచిన విమానాశ్రయము

గ్రీన్లాండు పేరు మీరు వినియేయుందురు. పేరునకు పచ్చని దేశమే గాని, ఆ దీవిలో అయిదింట నాలుగు వంతులు మంచు కప్పియుండును. దాని తూర్పుతీరమున, ఉత్తరధ్రువ వలయమునకు సుమారు అయిదామడల దక్షిణముగా, కొండల నడుమ సముద్రపుపాయ యొడ్డున ఇకాటెక్ అను చోటు కలదు. 1942లో అమెరికా సైన్యమువారు అచ్చట విమానాశ్రయమును నిర్మించి, 1947లో విడిచిపోయిరి. అది అయిదేండ్ల కాపురము. వారు వెనుక వదలిన ఇనుము మాత్రము డెబ్బది యేండ్లకు పైగా అచ్చటనే పడియుండెను.

అంత దూరమేల పోయిరని మీరడుగవచ్చును. గ్రీన్లాండు నాడు డెన్మార్కు ఏలుబడిలో నుండెను. 1940 ఏప్రిలు 9వ తేదీన జర్మనులు డెన్మార్కును ఆక్రమించిరి. సరిగా ఏడాదికి, 1941 ఏప్రిలు 9న, వాషింగ్టనులోని డెన్మార్కు రాయబారి హెన్రిక్ కౌఫ్మన్, అమెరికావారు గ్రీన్లాండులో సైనికస్థావరములు కట్టుకొనవచ్చునని తనంత తానై ఒడంబడికపై చేవ్రాలు చేసెను. జర్మనుల చెప్పుచేతలలోనున్న స్వదేశ ప్రభుత్వము ఆయనను పదవినుండి తొలగించి, రాజద్రోహ నేరము మోపెను. 1945లో డెన్మార్కు విముక్తి పొందగానే పార్లమెంటు ఆ ఒడంబడికనే ఆమోదించినది. ద్రోహి యనిపించుకొన్నవాడు మంత్రియైనాడు. ఆ తీరపు ఇన్యూట్ వేటగాండ్ర చేవ్రాలు మాత్రము ఆ పత్రముపై ఒక్కటియు లేదు.

నాటి చిన్న యుద్ధవిమానములు అట్లాంటిక్ సముద్రమును ఒక్క బిగిని దాటజాలకుండెను. లాబ్రడార్, గ్రీన్లాండు, ఐస్లాండు, స్కాట్లాండు అని, బండివాడు సత్రమునుండి సత్రమునకు పోయినట్లు, మజిలీలు చేయుచు ఇంగ్లండు చేరవలసియుండెను. ఒక మజిలీని మబ్బు కమ్మినచో దిగుటకు మరియొక చోటు కావలెను. ఇకాటెక్ అట్టిది. సైనికులు దానికి పెట్టిన సంకేతనామము ‘బ్లూయి ఈస్ట్ టూ’. సుమారు 5,000 అడుగుల గులకరాళ్ల బాట, విమానముల కొట్టము, బసలు, అంతే. దిగుచోటు దొరకనిచో ఏమగునో 1942 జూలై 15న తెలియవచ్చినది. ఐస్లాండునకు బయలుదేరిన ఎనిమిది విమానములు వాతావరణము చెడి వెనుదిరిగి, పెట్రోలు చాలక, గ్రీన్లాండు మంచుబయలుపైననే దిగిపోయినవి. మనుష్యులందరు బ్రదికిరి. అందొక విమానమును 1992లో వెలికిదీయునాటికి దానిపై 260 అడుగులకు మించి మంచు పేరుకొనియుండెను!

ఇక ఇనుము మాట. ఆ తీరమున వేసవిలో కొలది వారములు తప్ప ఓడలకు దారి లేదు. తక్కిన కాలమంతయు సముద్రమున మంచుగడ్డలే. కావున ఏడాదికి వలయు పెట్రోలును ముందుగనే ఇనుప పీపాలలో తెచ్చి నిలువ చేయవలసివచ్చెను. పూర్ణమైన పీపాకు విలువ యుండును. ఖాళీ పీపాను తిరిగి మోసికొనిపోవుటకు అయ్యెడి వ్యయము దాని వెలకంటె హెచ్చు. అందుచేత వేలకొలది పీపాలు, మోటారులారీలు, ఆవిరిబానలు, ఆస్బెస్టాస్ సామాను, ఎక్కడివక్కడనే విడిచి సైనికులు తరలిపోయిరి. పెండ్లివారు వెళ్లిన మరునాటి విడిదివలె నుండెను. ఊడ్చువారు మాత్రము రాలేదు. కొట్టము కూలి ఇనుపదూలములు మిగిలెను. చలిదేశమగుటచే త్రుప్పు మెల్లగా తినును.

వేసవిలో మంచు కరగి పచ్చిక పొడచూపగా, దాని నడుమ త్రుప్పుపట్టిన పీపాలు ఎఱ్ఱగా కనబడెడివి. వానికి ఆ దేశస్థులు ‘అమెరికా పువ్వులు’ అని పేరు పెట్టిరి. ఆ పేరులో ఎకసక్కెమెంతయో, ఓర్పెంతయో నేను చెప్పజాలను.

నేల గ్రీన్లాండువారిది, సొత్తు అమెరికావారిది, ఒడంబడిక డెన్మార్కుది. ఊడ్చునదెవరను వివాదము ఏండ్ల తరబడి సాగినది. తుదకు 2018 జనవరిలో, గ్రీన్లాండులో అమెరికావారు విడిచిన సైనికస్థలములను శుభ్రపరచుటకు ఆరేండ్లలో 18 కోట్ల క్రోనర్లు వెచ్చింతుమని డెన్మార్కు ఒప్పుకొన్నది. పారవైచినవారు గాక, వారిని రానిచ్చినవారు చెల్లించుట న్యాయమో కాదో, ఊరి తగవులు తీర్చిన మీకు నాకంటె బాగుగా తెలియును. ఆ పిమ్మట ఇకాటెక్‌లో పీపాలు ఏరు పని ఆరంభమైనది. ఇనుమును ఏరి ఓడకెక్కింపవచ్చును. పీపాలు చిల్లులుపడి నేలలోనికి ఇంకిన నూనెను చేతులతో ఏరుటకు వీలులేదు. గులకరాళ్ల బాట కొండల నడుమ అట్లే యున్నది.