పాలన్నం తినే పిల్లి

పోచారం జలాశయం కింద వరి పండుతుంది. వడ్లున్న ఇంట ఎలుకలు, ఎలుకలున్న ఇంట పిల్లి తప్పవు. అభయారణ్యంలోని జంగుపిల్లి తన వేట తాను చూచుకొంటుంది. ఇంటిపిల్లికి పిల్లలు ముద్దుగా పాలన్నం పెడతారు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. పిల్లి దేహం టారిన్ అనే గంధకయుత ఆమ్లాన్ని తగినంత తయారుచేసుకొనలేదు. అది మాంసంలో, చేపలలో సమృద్ధి; బియ్యంలో లేదు, ఆవుపాలలో బహుస్వల్పం. ఎలుకలు పట్టని పిల్లికి ఈ కొరత నెలల తరబడి సాగితే కంటిలోని నేత్రపటలం క్షీణిస్తుందని 1975లోను, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోను పరిశోధకులు తెలిపారు. టారిన్ అందితే గుండె చాలావరకు కోలుకొంటుంది; పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. పైగా పెద్దపిల్లులు చాలావాటికి పాలచక్కెర అరగక విరేచనాలవుతాయి. కనుక అన్నంలో ఉడికిన చేపముక్కో కోడి గుండెకాయో తరచుగా కలపవలెను. ఉడికించిన నీటిని పారబోయరాదు; టారిన్ అందులోకి దిగుతుంది.