మేడమీది మగ్గపు గదికి పెద్ద కిటికీ

సేలములోను, ఆరణిలోను, బెంగుళూరు పేటలలోను మన కుటుంబములు తరతరములుగా నివసించుచున్న వీధులలో ఇల్లు ప్రక్కకు పెరుగుటకు చోటు లేదు. కొడుకులకు పెండ్లిండ్లు అయిన కొలదియు ఇల్లు పైకే పెరుగుచున్నది. గుంట మగ్గము నేలను విడిచి రాదు గనుక, మేడమీద వేయునది స్టాండు మగ్గమే. అట్టి గది కట్టదలచి సంఘమునకు వచ్చు సభ్యులకు మేము మొట్టమొదట చెప్పునది కిటికీ సంగతి.

సేలము తెల్లపట్టు నేయువారికి దీనిని వివరింప నక్కరలేదు. తెల్ల పడుగుమీద తెల్ల పేక పడుచున్నప్పుడు తెగిన పోగు కంటబడవలె నన్న వెలుతురే దిక్కు. మగ్గముమీద కనబడని లోపము మా కార్యాలయములో బట్ట పరచినప్పుడు కనబడును. కూలిలో కోత పడును. ఆ కోతను మా చేతులతోనే పద్దు వ్రాయవలసి వచ్చుట మాకును సంతోషము కాదు.

వీలున్నచో కిటికీ ఉత్తరపు గోడకు పెట్టవలెను. ఉత్తరపు వెలుగు ఉదయమునుండి సాయంకాలము వరకు ఇంచుమించు ఒక్క తీరున నుండును. పడమటి కిటికీగుండా వచ్చు ఎండ రంగును వెలయజేయును, పడుగును ఎండబెట్టి పోగులు తెంపును. వెలుగు నేతగాని ఎదుటనుండి కన్నులలో పడక ప్రక్కనుండి బట్టమీద పడవలెను. కిటికీ పై అంచు ఎంత ఎత్తున నున్నదో దానికి రెండింతల దూరము వరకు గదిలోనికి వెలుగు పనికివచ్చునని ఒక లెక్క. పై అంచు 7 అడుగుల ఎత్తున నున్నచో 14 అడుగుల లోపలి మగ్గమునకు చాలును. జకార్డు పెట్టె ఉన్నచో అది పై వెలుగును కొంత అడ్డగించును గనుక, కిటికీ అడుగు అంచు నేలనుండి రెండున్నర అడుగులకు మించకుండ చూడవలెను.

ఈ లెక్కన ఒక మగ్గపు గదికి 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల మూడు రెక్కల కిటికీ కావలసి వచ్చును. దాని బరువెంతో సభ్యులలో చాలమంది ఎన్నడును లెక్క వేయలేదు. మేమును వేయలేదు. ఇప్పుడు వేసి చూపుదుము. 4 అంగుళములకు 3 అంగుళముల టేకు చట్రము, మధ్య నిలువు కమ్ములతో కూడ 28 అడుగుల కొయ్య. ఇది సుమారు 45 కిలోలు తూగును. పచ్చి కొయ్య అయినచో ఇంకను హెచ్చు. 4 అంగుళముల ఎడమున బిగించిన అరంగుళపు నలుపలకల ఇనుప చువ్వలు 22 కిలోలు. 5 మిల్లీమీటర్ల గాజుతో మూడు రెక్కలును కలిసి 33 కిలోలు. అంతయు కూడి ఒక క్వింటాలు. ఒక బియ్యపు మూటను ఇద్దరు భుజములమీద వేసికొని మెట్లెక్కగలరు. ఇది మెట్ల మలుపు తిరుగదు.

కొన్నేండ్ల క్రిందట మా సభ్యులొకరి ఇంట ఇట్టి కిటికీని రెక్కలు, గాజు సమస్తము బిగించి, ఒక్క మోకు కట్టి, నలుగురు మేడమీద నిలిచి చేతులతో పైకి లాగిరి. పిట్టగోడ అంచున మోకు ఒరసికొని తెగిపోవుచుండగా చట్రము ఊగి గోడకు తగిలినది. క్రింద నిలిచియున్న ఇంటి యజమాని దానిని ఆపవలెనని చేయి చాచెను. కుడి చేతి వ్రేళ్లు రెండు నలిగినవి. నాడెను లాగెడి చేయి అదియే. ఎనిమిది నెలలు ఆయన మగ్గమెక్కలేదు. ఇల్లాలే నేసి ఇల్లు గడిపినది.

ఆ గదికి అప్పు మంజూరు చేయునప్పుడు, అంచనాలోని "ఎక్కింపు కూలి" అను పద్దును అనవసరమని కొట్టివేసినది మేమే. ఆ కాగితము ఇప్పటికిని మా బీరువాలో నున్నది. అప్పటినుండి ఆ పద్దు లేని అంచనాను త్రిప్పి పంపుచున్నాము.

ఇక పద్ధతి. అన్నిటికన్న మేలైనది, చట్రమును ఎక్కింపకుండుటయే. వడ్రంగి చట్రపు కొయ్యలను క్రింద కోసి, కూసములు, బెజ్జములు సరిచూసి, విడదీసి, మెట్లమీదుగా ఒక్కొక్క కొయ్యను తీసికొనిపోయి మేడమీదనే కూర్చవచ్చును. చువ్వలను కూర్చునప్పుడే దూర్చవచ్చును. రెక్క ఒక్కటి 11 కిలోలు, ఎవరైనను మోయగలరు. ఇందుకు వడ్రంగి ఒక దినము హెచ్చుగా అడుగును. ఇవ్వవలెను.

చట్రము కొట్టులో కొన్నదై విడదీయ వీలులేనప్పుడు రెక్కలు ఊడదీసి, చట్రమును మాత్రమే కప్పీతో ఎక్కింపవలెను. ఇక్కడ ఒక పొరపాటు మనవారిలో నున్నది. బావి గిలక బరువును తగ్గింపదు, లాగు దిక్కును మాత్రము మార్చును. చువ్వలతో 67 కిలోల చట్రమును ఒక్క గిలకతో లాగినచో లాగువారు 67 కిలోలును లాగవలెను. గిలకను మోయు దూలము దానికి రెండింతలు, అనగా 134 కిలోలు మోయవలెను. సరుగుడు కర్రను పిట్టగోడమీద ఊరక ఆనించి గిలక వ్రేలాడదీయుట అందుచేతనే ప్రమాదము. చట్రమునకు రెండవ కప్పీ తగిలించి, మోకు కొసను దూలమునకు కట్టి, రెంటిమీదుగా త్రిప్పినచో లాగవలసిన బరువు ఇంచుమించు సగమగును. మోకు రెండింతలు లాగవలసి వచ్చును, అంతియే.

మోకును చట్రపు పై కొయ్యకు కట్టరాదు, కూసము ఊడవచ్చును. అడుగు కొయ్య క్రిందుగా చుట్టి తేవలెను. మూలనుండి మూలకు ఒక బద్ద కొట్టినచో చట్రము వంకరపోదు. ఊగకుండ ఇరుప్రక్కల రెండు పక్కతాళ్లు కట్టి క్రిందనుండి దూరముగా పట్టుకొనవలెను. చట్రము క్రింద ఎవరును నిలువరాదు. జారినచో పడనిచ్చుటయే, పట్టరాదు. వీధి కరెంటు తీగలు దగ్గరగా నున్నచో విద్యుత్ కార్యాలయమునకు ముందుగా తెలిపి సరఫరా ఆపించిన తరువాతనే పని మొదలుపెట్టవలెను.

బిగించుట మేస్త్రీలు ఎరిగినదే. ప్రక్కకు మూడేసి ఇనుప పట్టీలు కాంక్రీటులో పాతించుకొనుడు. గోడకు తగులు ముఖమునకు చెదలు పట్టకుండ తారు పూయింపుడు. తూకపు గుండు వేసి, రెండు మూలల కొలతలును సరిపోవునో లేదో మీరే చూచుకొనుడు. పై లింటెలు ఇరుప్రక్కల గోడమీద కనీసము 6 అంగుళములు కూర్చుండవలెను. దాని క్రింది ఆనుకర్రలను 14 దినములు తీయరాదు. త్వరపడి తీసి, ఆ బరువును కిటికీ చట్రముమీద పడవేసి, పిమ్మట రెక్కలు తెరచుకొనుట లేదని వడ్రంగిని తిట్టువారిని చూచితిమి.

రెక్కల విషయమున మా అభిప్రాయ మొకటి. ఒక్కొక్క రెక్కను అడ్డముగా రెండు చేయించుకొనుట మంచిది. మేడమీది గాలి నేలమీది గాలికన్న పొడిగా నుండును. పడుగు త్వరగా ఆరి తెగును. అప్పుడు క్రింది రెక్కలు మూసి, పై రెక్కలు తెరచి నేయవచ్చును. అల్యూమినియపు జరుగు కిటికీలు తేలిక, చౌక. అయితే రెండు పలకలవి సగమే తెరచుకొనును. చువ్వల ఎడము 4 అంగుళములకు మించినచో పిల్లలకు అపాయము. నూలు నిలువయుండు గదిలో నిప్పు తగులుకొన్నచో మెట్లు తప్ప దారి యుండదు గనుక, చువ్వలలో ఒక భాగమును లోపలినుండి తెరచునట్లు చేయించి తాళపుచెవి అక్కడనే వ్రేలాడదీయుడు.

రెండు కప్పీలును, 100 అడుగుల మోకును సంఘము కొనియుంచినది. అద్దె లేదు. కావలసిన సభ్యులు రెండు దినములు ముందుగా కార్యాలయములో తెలుపవలెను. మోకును తడి లేకుండ ఆరబెట్టి తిరిగి ఇవ్వవలెను. ఎక్కడైన ఒరసికొని పోయినచో దాచక చెప్పవలెను.